మన ఇంటి మాత్రలు – డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు జీవితం

సావనీరులో ఈసారి ఎవరి జీవితం గురించి రాయాలా అని ఆలోచిస్తున్న రోజుల్లోనే ఒక పని మీద వీర్నపల్లి వెళ్ళాము. దగ్గరి బంధువుల ఇల్లు. ఆ ఇంటి కోడలు నిండు గర్భిణి. చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చున్నది. మొహం చూస్తే తెల్లగా పాలిపోయి ఉన్నది. గోడ గూట్లో, పాత క్యాలెండరు వెనుక, ఆశా కార్యకర్త ఇచ్చిపోయిన ఎర్ర మాత్రల పట్టీలు ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి. ఒక్క మాత్ర కూడా చిదిమినట్టు లేదు. వాటి పక్కనే ఎప్పటివో బోదకాలు మాత్రలు రెండు మూడు కాగితంలో చుట్టి ఉన్నాయి. అడిగితే అత్తగారు, అవి వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా అవుతుంది, ఊరికే ఇచ్చే మందులో ఏం బలం ఉంటుంది అని తీసిపారేసింది.

ఊరికే ఇచ్చే ఆ మందు వెనుక ఒక తెలుగువాడి జీవితమంతా ఉన్నది. ఆ సంగతి ఆ ఇంట్లోవాళ్ళకే కాదు, చదువుకున్న మనలో కూడా చాలామందికి తెలియదు. అందుకని ఈ సంవత్సరం డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని గురించి రాయదలచుకున్నాము.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. కలిగిన కుటుంబం కాదు. చదువులో చిన్నప్పుడు మెరిసిన మనిషీ కాదు. పదమూడేళ్ళ వయసులో, కాశీకి వచ్చే యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. తల్లి వెంకమ్మ గారు పట్టి తెప్పించి మళ్ళీ బడిలో వేసింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. పదో తరగతి తప్పిన పిల్లవాణ్ణి మరమగ్గాల మీదికో, బొంబాయి బస్సు మీదికో తోలేసే తల్లిదండ్రులు ఈ మాట ఒకటికి రెండుసార్లు చదువుకోవాలని మా మనవి.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదువు అయ్యాక ఆయనకు సన్యాసం మీదికి మనసు పోయింది. రామకృష్ణ మఠంలో చేరతానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. మఠం వారు కూడా ఆయనను వైద్యవిద్య వైపే మళ్ళించారు. అట్లా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. అవి గాంధీగారి పిలుపు వినబడుతున్న రోజులు. సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోకి ఖద్దరు అంగీ వేసుకుని వెళ్ళాడు. సర్జరీ ప్రొఫెసరైన బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది కంటగింపు అయింది. మిగతా సబ్జెక్టులు బాగానే రాసినా, చివరికి చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టు. ఒక అంగీ ఖరీదు ఒక డిగ్రీ అన్నమాట.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో అన్నదమ్ములను పోగొట్టుకున్నాడు. స్ప్రూ అంటే మనవాళ్ళు గ్రహణి అనే జాతి రోగం. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు, నాలుక పుండవుతుంది, రక్తం పలచబడిపోతుంది, మనిషి కళ్ళముందే ఎండిపోతాడు. అప్పటి డాక్టర్ల వద్ద దానికి మందు లేదు. సుబ్బారావుకు కూడా ఆ జబ్బు తగులుకుంది. ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో బయటపడ్డాడు. తరువాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరాడు. ఆకులు, వేర్లు పనిచేస్తాయన్నది ఆయన తన ఒంటి మీదే చూసుకున్న సంగతి. కాని వాటిలో పనిచేసే పదార్థం ఏది, అది ఒంట్లో ఎక్కడ పట్టుకుంటుంది అంటే చెప్పగలవారు లేరు. ఆ ప్రశ్న ఆయనను జీవితాంతం వదలలేదు.

అమెరికా పోవాలనుకున్నాడు. చేతిలో పైసా లేదు. మామగారు కస్తూరి సూర్యనారాయణ మూర్తి గారు కొంత పోగుచేశారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామన్నది. సంక్షేమ సంఘాలకు నెలకు పది రూపాయలు చందా ఇవ్వడానికి ముఖం చిట్లించేవారు మన మధ్య ఉన్నారు గనక ఈ సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాము. భార్య శేషగిరి గారిని పుట్టింటివారి దగ్గర ఉంచి, 1920ల మొదట్లో ఆయన బోస్టన్ నగరం చేరాడు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో సీటు దొరికింది గాని తిండికి దొరకలేదు. ఆ ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టు అక్కడ డాక్టరు ఉద్యోగానికి పనికిరాలేదు. ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పనికి కుదిరాడు. రాత్రంతా రోగుల మలమూత్రాల గిన్నెలు ఎత్తడం, తెల్లవారి క్లాసుకు పోవడం. డిప్లొమా చేతికి వచ్చాక అదే విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద జీవరసాయన ప్రయోగశాలలో చేరాడు.

ఫిస్కే ఆయనకు అప్పగించిన పని వినడానికి చాలా చిన్నది. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో లెక్కకట్టే సులువైన పద్ధతి కావాలి. ఇద్దరూ కలిసి ఆ పద్ధతి కనిపెట్టారు. ద్రవంలో ఆమ్లంతో పాటు మాలిబ్డేట్ అనే లవణం కలిపి, దానికి మరో రసాయనం చేర్చితే నీలిరంగు తేలుతుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన. రంగును కొలిస్తే భాస్వరాన్ని కొలిచినట్టే. 1925లో ఇది అచ్చయింది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో తరతరాల విద్యార్థులు దానిని నేర్చుకున్నారు. మన రైతులు భూసార పరీక్షకు ఇచ్చే మట్టిలో భాస్వరం చూసేది కూడా ఈ నీలిరంగు వంశానికి చెందిన పద్ధతులతోనే.

ఈ చిన్న పద్ధతి ఎంత దూరం పోయిందో చెప్పాలంటే ఎంజైముల సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఒంట్లో గాని, చెట్టులో గాని, పాము విషంలో గాని ఒక పదార్థాన్ని ముక్కలు చేసే, అతికించే పనివాళ్ళ వంటి మాంసకృత్తులే ఎంజైములు. ఒక్కొక్కదానికి ఒక్కటే పని. కత్తెర పట్టేది కత్తెరే పడుతుంది, సూది పట్టేది సూదే పడుతుంది. మక్కజొన్న గింజ మొలకెత్తేటప్పుడు గింజలో దాచిపెట్టిన భాస్వరాన్ని ఒక ఎంజైము విప్పి మొలకకు అందిస్తుంది. పాము విషం అంటే మనం ఒకటే పదార్థం అనుకుంటాము. అది ఎన్నో ఎంజైములు, పెప్టైడులు అనే చిన్న మాంసకృత్తు గొలుసులు కలిసిన కషాయం. రక్తపింజర విషంలోని ఎంజైములు రక్తం గడ్డకట్టే క్రమాన్నే చెడగొడతాయి. నాగుపాము విషంలోని పొట్టి గొలుసులు నరం నుంచి కండకు పోయే ఆజ్ఞను ఆపేస్తాయి. పాము విషాలలో భాస్వరాన్ని తెంపే ఎంజైములు కూడా ఉన్నాయి. గింజలోనైనా, విషంలోనైనా అటువంటి ఎంజైము ఎంత చురుకుగా పనిచేస్తున్నదో తెలియాలంటే అది తెంపి వదిలిన భాస్వరాన్ని కొలవాలి. ప్రపంచమంతటా పరిశోధకులు దశాబ్దాల తరబడి ఆ కొలతకు ఈ నీలిరంగునే పట్టుకున్నారు. (మాట వచ్చింది గనక చెబుతున్నాము. పొలంలో పాము కరిస్తే మంత్రం దగ్గరికి, పసరు దగ్గరికి పోయి గంటలు పోగొట్టుకోవద్దు. కరిచిన కాలు కదలనీయకుండా తిన్నగా దవాఖానాకు పోవాలి. విషానికి విరుగుడు సూది అక్కడే ఉంటుంది.)

కొలబద్ద చేతికి వచ్చినవాడు ఊరుకుంటాడా? సుబ్బారావు, ఫిస్కే కండరాలలో భాస్వరాన్ని వెదకడం మొదలుపెట్టారు. అప్పటికి కండ కదలడానికి బలం లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందని పెద్దల అభిప్రాయం. కండరాల శక్తి మీద పరిశోధనకు హిల్, మేయర్‌హాఫ్ అనే ఇద్దరికి 1922 నోబెల్ బహుమానం కూడా వచ్చింది. 1927లో ఈ ఇద్దరూ కండలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని చూపించారు. కండ పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్ళీ నిండుతుంది. 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ కూడా దానినే పట్టుకున్నాడు. మగ్గం తొక్కే కాలు, బీడీ చుట్టే వేలు, కొట్టుకునే గుండె – అన్నిటికీ ఖర్చయ్యే చిల్లర నాణెం ఎ.టి.పి.యే. పాము విషంలోని కొన్ని ఎంజైములు తెంపేది కూడా దానినే.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1930లో పి.హెచ్.డి. వచ్చింది గాని పదేళ్ళు అదే మూల, అదే బల్ల. పేరు ఎక్కువ భాగం ఫిస్కేకు పోయింది. ఇందులో సుబ్బారావు తప్పు కూడా కొంత ఉన్నదని మేము అనుకుంటాము. తన సంగతి తాను చెప్పుకోవడం ఆయనకు చేతకాలేదు. వినయం మంచిదే, కాని వినయవంతుని వాటా పక్కవాడి పళ్ళెంలో పడుతుంది.

ఆ పదేళ్ళలో ఆయన పట్టుకున్నది కాలేయం సారం. రక్తం పలచబడే ఒక ఘోరమైన జబ్బుకు పశువుల కాలేయం తినిపిస్తే నయమవుతుందని అప్పటికే తేలింది. ఆ కాలేయంలో పనిచేసేది ఏది? తమ్ముడి మంచం పక్కన కూర్చున్నవాడికి ఆ ప్రశ్న పుస్తకాల ప్రశ్న కాదు గదా. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే మందుల కంపెనీలో చేరాడు. రెండేళ్ళలో పరిశోధనశాఖకు అధిపతి అయ్యాడు. పోర్టరుగా మొదలైనవాడి కింద ఇప్పుడు పెద్ద పెద్ద శాస్త్రజ్ఞుల దండు.

ఇక్కడ కొంచెం వెనక్కి, బొంబాయికి పోవాలి. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1928 నుంచి బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించింది. బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు ఎందరో అందులో ఉన్నారు. ఏయే వర్గం ఆడవాళ్ళు ఏం తింటున్నారో కూడా రాసుకున్నది. అందరికన్నా నాసిరకం తిండి, అందరికన్నా ఎక్కువ రక్తహీనత బీద ముస్లిం స్త్రీలలో కనిపించాయి. ఆమె వారికి ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే రక్తం తిరిగి పట్టింది. అందులోని గుణకారి ఏమిటో అప్పుడు తెలియదు. అంటే ఈ కథ మొదట్లోనే మన అక్కచెల్లెళ్ళు ఉన్నారన్నమాట. మా కొలువులో రక్తం తక్కువైనవాళ్ళు లేరు అని ఎవరూ గొప్పలకు పోనక్కరలేదు.

1941లో అమెరికాలోని టెక్సాస్‌లో కొందరు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర ఉడికించి, వడకట్టి, చిటికెడు పదార్థం తీశారు. ఆకు నుంచి వచ్చింది గనక, లాటిన్ భాషలో ఆకుకు ఉన్న మాటను బట్టి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లెడర్లేలో సుబ్బారావు బృందం దానినే కాలేయం నుంచి, ఒక సూక్ష్మజీవిని పెంచిన ద్రవం నుంచి వేరుచేసి, దాని నిర్మాణం విప్పి, 1945లో ప్రయోగశాలలో తయారుచేసి లోకానికి ప్రకటించింది. టన్నుల పాలకూర అక్కరలేకుండా సీసాలో తయారయ్యే మందు అయింది.

ఆ నిర్మాణంలో ఒక చిత్రం ఉన్నది. ఫోలిక్ ఆమ్లం మూడు ముక్కల అతుకు. చివరి ముక్క గ్లుటామిక్ ఆమ్లం, మాంసకృత్తులలో ఉండేదే. ఆకుకూరలలో ఈ గ్లుటామిక్ ముక్క ఒక్కటి ఉండదు. ఒకదాని వెనుక ఒకటిగా అయిదారు కలిసి పెప్టైడు గొలుసుగా ఉంటాయి. ఆ గొలుసుతో అది పేగు గోడ దాటలేదు. పేగులో ఉండే ఒక ఎంజైము ఆ ముక్కలను ఒకటొకటిగా తెంపి, చివరికి ఒక్కటి మిగిల్చితేనే రక్తంలోకి పోతుంది. స్ప్రూ జబ్బులో దెబ్బతినేది ఆ పేగు గోడే. పళ్ళెంలో పాలకూర ఉన్నా ఒంటికి పట్టదు. మాత్రలో ఉండేది గొలుసు లేని ఒంటి ముక్క గనక సులువుగా లోపలికి పోతుంది. 1946లో టామ్ స్పైస్ అనే డాక్టరు క్యూబాలో స్ప్రూ రోగులకు తయారైన ఫోలిక్ ఆమ్లం ఇస్తే మంచం పట్టినవాళ్ళు లేచి తిరిగారు. సుబ్బారావు అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు ఆయన ప్రయోగశాల నుంచే మందు వచ్చింది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. కాలేయంలో ఆయన వెదికిన అసలు గుణకారి ఇది కాదు. అది బి–12 విటమిన్ అని 1948లో వేరేవాళ్ళు తేల్చారు. ఒక దానికోసం తవ్వితే మరొకటి దొరికింది. దొరికినది తక్కువేమీ కాదు.

వీర్నపల్లి గూట్లో ఉన్న ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే, 500 మైక్రోగ్రాములు. గర్భం మొదటి వారాల్లో ఇది చాలకపోతే బిడ్డ వెన్నెముక సరిగా మూసుకోకుండా పుట్టే ప్రమాదం ఉన్నదని 1991లో ఒక పెద్ద పరీక్షలో రుజువైంది. అందుకే పెళ్ళయిన అమ్మాయిలు గర్భం రాకముందు నుంచే వేసుకోవాలని డాక్టర్లు చెబుతారు. విరేచనం నల్లబడేది ఇనుము వల్ల, అందులో హాని లేదు. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోవచ్చు. చాయ్‌తో మాత్రం వేసుకోవద్దు, ఇనుము ఒంటికి పట్టదు. మన ఇళ్ళలో మాత్ర వేసుకునేదే చాయ్‌తో! ఆకుకూరను గంటసేపు ఉడికించి నీళ్ళు పారబోస్తే అందులోని ఫోలిక్ ఆమ్లం చాలాభాగం ఆ నీళ్ళతోనే పోతుంది.

ఫోలిక్ ఆమ్లం నుంచే మరో దారి తెరుచుకున్నది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సర్ వచ్చిన పసిపిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గడానికి బదులు మరింత పెరిగినట్టు కనబడింది. అయితే దీనికి ఎదురు పనిచేసే పదార్థం ఇస్తే? సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లంలో ఒకటి రెండు పరమాణువులను మార్చి, చూడ్డానికి అదే, పనిలో శత్రువు అన్నట్టుండే అమినోప్టెరిన్‌ను తయారుచేసి ఇచ్చింది. ఒంట్లో ఫోలిక్ ఆమ్లాన్ని పనికి సిద్ధం చేసే ఒక ఎంజైము ఉన్నది. దొంగ తాళంచెవి తాళంలో ఇరుక్కున్నట్టు ఈ మందు ఆ ఎంజైములో ఇరుక్కుని కణం పెరుగుదలను ఆపుతుంది. ఎంజైము సంగతి తరువాతి సంవత్సరాలలో తేలింది గాని, మందు పని 1948 జూన్‌లోనే అచ్చయింది. 16 మంది పిల్లలలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. మళ్ళీ తిరగబెట్టిన మాట నిజమే. కాని అంతవరకు ఆ జబ్బు ఏ మందుకూ లొంగింది లేదు. దాని చెల్లెలి వంటి మెథోట్రెక్సేట్ ఈనాటికీ క్యాన్సర్‌కు, కీళ్ళవాతానికి వాడుతున్నారు.

ఆ గూట్లోని రెండో మందు, బోదకాలు మాత్ర, కూడా ఆయన శాఖ నుంచి వచ్చినదే. డైఇథైల్ కార్బమజైన్ దాని పేరు. 1947లో హెట్రజాన్ అనే పేరుతో వెలువడింది. 2004లో దేశంలో మొదలైన సామూహిక పంపిణీలో మన పాత కరీంనగర్ జిల్లా కూడా ఉండినది. రక్తంలో తిరిగే సన్నని పురుగు పిల్లలను అది చంపుతుంది. అవి చచ్చేటప్పుడు కొందరికి జ్వరం, తలతిప్పు వస్తాయి. దానిని చూసి జనం బెదిరి మాత్ర పారేస్తారు. వాచిపోయిన కాలు ఆ మాత్రతో సన్నబడదు కూడా. అది వాపు రాకముందు, పక్కవాడికి అంటకముందు పనిచేసే మందు. ఇది సరిగా చెప్పకుండా చేతిలో మాత్ర పెట్టిపోతే జనాన్ని తప్పుపట్టి ఏం లాభం?

1948లోనే ఆయన శాఖలో డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన ఆరియోమైసిన్ కూడా బయటికి వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది అదే.

ఆ ఆగస్టులో న్యూయార్క్ దగ్గర సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53. దాదాపు పాతికేళ్ళలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. శేషగిరి గారు ఆయనను మళ్ళీ చూడలేదు. ఆయన గొప్పతనం రాసేటప్పుడు ఈ మాట దాటవేసేవారున్నారు. మేము దాటవేయలేము. దూరదేశం పోయిన మనిషి కోసం ఇంటి దగ్గర ఎదురుచూసే ఆడవాళ్ళు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు, దుబాయి ఉత్తరం కోసం చూసినవాళ్ళు, ఫోను కోసం చూస్తున్నవాళ్ళు. ఆ బరువు ఎంతో వాళ్ళకు తెలుసు.

నోబెల్ బహుమానం రాలేదు. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీద సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఒక బిళ్ళ విడుదల చేసింది. దేశంలో గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు పంచే పథకం మొదలై అప్పటికి ఇరవై అయిదేళ్ళు.